చెరువు బాతులకు గింజలు చల్లకు

కామాటిపుర, బొంబాయి
డిసెంబర్ 1985

చెల్లెలు సాయమ్మకు అన్న కిష్టయ్య దీవెనలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను.

చలికి మన చెరువులో అడవి బాతులు ముడుచుకుని కూర్చుంటున్నాయని, జొన్నలు చల్లనా అని అడిగావు. వద్దమ్మా. మా పని ఇప్పుడు పవాయి చెరువు పక్కన. మాతో ఇటుకలు మోసే రాజవ్వ రోజూ తన సద్దిలోంచి పిడికెడు అన్నం బాతులకు వేసేది. పిలిస్తే చేతిదాకా వచ్చేవి. మొన్న మేస్త్రీ ఆమెలాగే పిలిచి, దగ్గరికొచ్చిన రెండింటిని పట్టి కోయించాడు. "మనిషంటే భయం నేనే పోగొట్టిన గదా అన్నా" అని రాజవ్వ ఏడ్చింది. ఇప్పుడు అవి దగ్గరికొస్తే తనే రాళ్లు విసిరి తరుముతోంది.

ఆకలికి కొన్ని చస్తాయేమో. అయినా వాటి బెదురు వాటికి ఉండనీ.

అమ్మ దగ్గు తగ్గిందా? ఊరికొచ్చేవాళ్లతో దుప్పటి పంపుతాను, కప్పుకోమను. నాన్నకు దండాలు. వద్దన్నానని అలగకు తల్లీ, నీ చెయ్యి మంచిదని నాకు తెలుసు.