హాల్లో కాగితపు బల్ల

జూన్ 3, సోమవారం

హాల్లో సోఫా నడుం విరిగింది. ఈయన ఆఫీసుకు వెళ్తూ లేసులు కట్టుకోవడానికి కూర్చున్నారు. లోపల ఫట్‌మంది. మనిషి రెండంగుళాలు కిందికి దిగారు. కాసేపు కదల్లేదు. విరిగింది సోఫానా, నేనా, కాస్త చూసి చెప్పవే అన్నారు.

సోఫానే. మూడు సీట్లదానికి మధ్య సీటు పోయింది. పక్కనున్న రెండు సింగిల్ సీట్లకు ఏమీ కాలేదు.

ఈ ఫ్లాట్‌లోకి వచ్చినప్పుడు వదిన ఎంచిన సెట్టు ఇది. వదినంటే ఈయన అక్క. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఆవిడే. ఈ ఇంట్లో పెద్ద వస్తువన్నది ఏది రావాలన్నా ఆవిడ ఊఁ అనాలి. సోఫా, కర్టెన్లు, బీరువా, గోడ గడియారం అన్నీ ఆవిడ ఎంచినవే. సోఫా మెరూన్ రంగు. షాపువాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవరు పంతొమ్మిదేళ్లుగా అలాగే ఉంది. దాని మీద గుడ్డ కవరు. ఎవరు కూర్చున్నా అప్పడం నలిగినట్టు చప్పుడు.

వదిన ఇరవై ఎనిమిదిన వస్తోంది. ఆలోగా బాగు చేయించమని చెప్పి ఈయన వెళ్లారు.

జూన్ 5

సోఫాలు బాగుచేసే మేస్త్రీ వచ్చాడు. చెవి మీద పెన్సిలు, చంకలో ఇటుకంత శాంపిల్ పుస్తకం. స్ప్రింగులు మార్చాలి, ఎలాగూ విప్పుతాం కాబట్టి గుడ్డ కూడా మార్చేద్దాం, మీకే రంగు కావాలమ్మా అన్నాడు.

ఆయన్ని అడిగి చెప్తానన్నాను.

సార్ పొద్దున్న పోయి సాయంత్రం వస్తారు, రోజంతా దీని మొహం చూసేది మీరు కదమ్మా, మిమ్మల్నే అడుగుతున్నా అన్నాడు.

పుస్తకం తిప్పాను. పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంది. రెండు వందల ముక్కలు. అన్నీ బాగున్నాయి. ఏదీ బాగా లేదు. మేస్త్రీ గడియారం చూసుకున్నాడు. పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి, పదిహేడున వస్తా అని లేచాడు. పోతూ పోతూ సోఫాను ఒక నొక్కు నొక్కి, ప్లాస్టిక్ ఎందుకు తీయలేదమ్మా అని అడిగాడు. నవ్వి ఊరుకున్నాను. నిజానికి నాకూ తెలియదు.

జూన్ 6

పుస్తకం మొత్తం పదకొండుసార్లు తిప్పాను.

మా అమ్మాయి డిగ్రీ ఆఖరి ఏడాది. ప్రతిదానికీ వాదిస్తుందని దానికి లాయరు అని పేరు పెట్టాం. ఫోన్‌లో ఏదో క్విజ్ తీసి ఇచ్చింది. ఇరవై ప్రశ్నలకు జవాబులు నొక్కితే మన స్టైల్ ఏమిటో చెప్తుందట. పొద్దున్న నొక్కితే మినిమలిస్ట్ అని వచ్చింది. ఖాళీ సీసాలు పద్నాలుగు దాచుకున్న మనిషికా అని లాయరు పడీపడీ నవ్వింది. మధ్యాహ్నం మళ్లీ నొక్కాను. రాయల్ అంది. సాక్షి మాట మారుస్తోంది యువరానర్ అంది లాయరు.

జూన్ 7

నాకు నలభై తొమ్మిదేళ్లు. నాకే రంగు ఇష్టమో నాకు తెలియదు.

జూన్ 8, మధ్యాహ్నం 3

తెలిసింది! రాసే తొందరలో అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ.

క్విజ్‌తో పని కాదని నా పద్ధతిలో మొదలుపెట్టాను. ఇంట్లో ఎవరినీ అడగకుండా, ఎవరూ తోడు లేకుండా, నాకై నేను ఎంచి తెచ్చుకున్న వస్తువులు ఎన్ని? గది గదికీ తిరిగి పట్టుకొచ్చాను. ఏడే దొరికాయి. బాత్రూం మగ్గు. గొడుగు. ఇల్లు తుడిచే బకెట్టు. కళ్లజోడు డబ్బా. లంచ్ బాక్స్ సంచి. దువ్వెన. వంటింట్లో స్టూలు. చిన్నవి, ఎవరూ పట్టించుకోనివి, వదిన దాకా పోనివి. అన్నిటినీ సోఫా ముందు వరసగా పెట్టి దూరంగా నిలబడి చూశాను.

స్టూలు తప్ప ఆరూ ఒకటే రంగు!

నీలం కాదు, ఆకుపచ్చ కాదు. నెమలికంఠం. ఒకటి కాస్త ముదురు, ఒకటి కాస్త వెలిసింది, అంతే తేడా. పన్నెండేళ్ల కిందటి గొడుగు, పోయిన నెల మగ్గు, రెండూ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. గట్టిగా అరిచాను. లాయరు బల్లి పడిందనుకుని చీపురుతో పరిగెత్తుకొచ్చింది. చూపించాను. అది చీపురు పక్కన పడేసి ఒక్కోటీ చేతిలోకి తీసుకుని చూసింది.

శాంపిల్ పుస్తకంలో నూట నలభై మూడో ముక్క. అచ్చంగా అదే. ఇన్నిసార్లు తిప్పినా ఎలా కనబడలేదో!

జూన్ 9, ఆదివారం

రంగు తేలింది. తేలగానే ఇంకో ప్రశ్న పుట్టింది. ఆ రంగు వేయించి ఆ సోఫాలో కూర్చునేదెవరు?

ఇవాళ్టి నుంచి వారం రోజులు లెక్క రాస్తాను. పాల పద్దు పుస్తకంలో వెనక పేజీలకు గీతలు కొట్టాను. ఎవరు, ఎక్కడ, ఎంతసేపు, ఏం చేస్తూ. ఎవరికీ చెప్పను. చెబితే కావాలని కూర్చుంటారు, లెక్క చెడుతుంది.

జూన్ 12

భలే సరదాగా ఉంది. దొంగలా గడియారం చూసుకుని రాస్తున్నాను. పోలీసు ఉద్యోగానికి పనికొచ్చేదాన్ని.

జూన్ 16, ఆదివారం

లెక్క పూర్తయింది. రోజుకు సగటున ఇదీ సంగతి.

ఈయన: సోఫా చివర నాలుగు నిమిషాలు, లేసులకు. పేపరు చదివేదంతా పడకగదిలో, మంచం అంచున.

లాయరు: సోఫా మీద సున్నా. సోఫాకు వీపు ఆనించి నేల మీద గంటన్నర.

ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు: సోఫా మీద పదకొండు గంటలు.

నేను: హాలు మొత్తానికి సున్నా. వంటింట్లో స్టూలు మీద రెండు గంటల నలభై నిమిషాలు.

నా గడి రెండుసార్లు సరిచూశాను. సున్నానే.

కాఫీలప్పుడు ఇద్దరికీ చదివి వినిపించాను. ఈయన కప్పు కింద పెట్టి, నువ్వు నలక్కుండా నీటుగా ఉంచుకుంటున్నావు కదా, కూర్చుంటే నీకు కష్టంగా ఉంటుందని నేను దూరంగా ఉన్నాను అన్నారు.  మీ అక్కయ్య ఎంచిందని, మీకు అపురూపమని నేను దాని జోలికి పోలేదండీ అన్నాను. ఆ ప్లాస్టిక్ తీస్తే మీరేమంటారోనని తీయలేదు అన్నాను. నేనూ నువ్వేమంటావోననే అన్నారు ఈయన. లాయరు చెంప మీద చెయ్యి పెట్టుకుని, మీరిద్దరూ దానికంత మర్యాద చేస్తుంటే కూర్చుంటే తంతారనుకుని ఊహ తెలిసినప్పటి నుంచి నేల మీదే ఉన్నా, నా నడుం నొప్పికి మీరే బాధ్యులు అంది.

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో రాసుకోలేదు. లేచి వెళ్లి ముగ్గురం ఒకేసారి కూర్చున్నాం. అప్పడాల చప్పుడు. ఆ వెంటనే ఇంకో ఫట్.

అదే రోజు, సాయంత్రం 5

నాకేం కావాలో ఇప్పుడు రాస్తాను. ఒక్క కొట్టివేత లేకుండా రాస్తాను.

నాకు సోఫా వద్దు. ఏ రంగుదీ వద్దు. హాల్లో కిటికీ దగ్గర పెద్ద బల్ల కావాలి. స్టూలు మీద నేను చేసేదేమిటి? కూరలు తరగడం, లెక్కలు రాయడం, చెల్లెలితో ఫోన్. ఆ రెండు గంటల నలభై నిమిషాలూ నా ఎదురుగా ఉండేది తెల్ల టైలు. అందులో ఒకటి పగిలింది కూడా. హాలు కిటికీలోంచి వీధంతా కనిపిస్తుంది. బస్టాపు, టైలరు కొట్టు, మందుల షాపు మెట్ల మీద పడుకునే కుక్క. ఆ కిటికీ పంతొమ్మిదేళ్లుగా అక్కడే ఉంది. అందులోంచి చూసింది సోఫా మీది బట్టల మూట.

జూన్ 17

మేస్త్రీకి చెప్పాను. సోఫా బాగు చేయొద్దు, బల్ల చెయ్యి అన్నాను. చెవి మీది పెన్సిలు చేతిలోకి వచ్చింది. బల్ల కాళ్లు చదరమా, గుండ్రమా అన్నాడు. గుండ్రం. పాలిష్ ముదురా అంటే, వద్దు, చెక్క చెక్కలాగే ఉండాలి అన్నాను. కుర్చీలెన్ని అంటే నాలుగు. సీట్లకు గుడ్డ అనేలోపే నూట నలభై మూడు అన్నాను. అడగడం పూర్తికాకముందే జవాబులు వస్తున్నాయి! మొన్న పుస్తకం పట్టుకుని వణికింది మీరేనా అమ్మా అన్నాడు.

సోఫా సెట్టంతా పట్టుకుపోయాడు. బాగు చేసి పళ్ల డాక్టరు దగ్గర వెయిటింగ్ రూమ్‌కి ఇస్తాడట. అక్కడ ఎలాగూ ఎవరూ హాయిగా కూర్చోరమ్మా అన్నాడు.

కొలతలు మాత్రం వచ్చే వారానికి తేల్చి చెప్పమన్నాడు. కోసిన చెక్క మళ్లీ అతకదట.

ఈయన ఇంటికి వచ్చి ఖాళీ హాల్లో నిలబడ్డారు. అక్కయ్యకు నువ్వే చెప్పాలి సుమా అన్నారు. మొదటి నుంచీ ఆవిడకు ఎదురు చెప్పడం ఈయన వల్ల కాదు. నా వల్ల అయిందీ లేదు.

జూన్ 19

పాత పేపర్లు టేపుతో అతికించి అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు బల్ల తయారు చేశాను. నేల మీద పరిచాను. కుర్చీలు కూడా కాగితాలే. కొనే ముందు దీంతో కాపురం చేసి చూడాలి. ఎవరూ తొక్కకూడదు, చుట్టూ తిరిగి వెళ్లాలి అని చెప్పాను.

జూన్ 21

ఈయన ఫోన్ మాట్లాడుతూ కాగితపు కుర్చీ తొక్కారు. దానికి సారీ చెప్పారు.

జూన్ 24

మూడుసార్లు చోటు మార్చాను. గోడవైపు పెడితే మళ్లీ టైలు చూసినట్టే ఉంది. గుమ్మం వైపు పెడితే రిసెప్షనిస్టులా ఉన్నాను. కిటికీ వైపు పెట్టి, స్టూలు తెచ్చి వేసుకుని, కాగితం దగ్గర గంట సేపు కూర్చున్నాను. టైలరు ఇవాళ ఒకే చొక్కాను మూడుసార్లు కుట్టి విప్పాడు. నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇదే చోటు. 

జూన్ 28, శుక్రవారం, ఉదయం 7

వదిన బస్సు తొమ్మిదింటికి. హాలు ఊడ్చాను. కాగితాలు తీయలేదు. తీస్తే బల్ల సంగతి నేనేమీ అనుకోలేదని వదినకు అబద్ధం చెప్పినట్టే.

అదే రోజు, మధ్యాహ్నం 2

వదిన గుమ్మంలోనే ఆగిపోయింది. సోఫా ఏదీ అంది. ఈయనకు ఉన్నట్టుండి మంచినీళ్లు తేవాలని గుర్తొచ్చింది. లాయరు గోడకు ఆనుకుంది, కేసు వినడానికి.

సోఫా ఇచ్చేశాం వదినా అన్నాను.

పదకొండు షాపులు తిరిగి ఎంచాను దాన్ని అంది. ఆ మాట నిజమే. నేను వెంట ఉన్నాను. పదకొండు షాపుల్లోనూ ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ కాగితాలేమిటి, చిన్నపిల్లల ఆటా అని అడిగింది. బల్ల అన్నాను. చుట్టాలొస్తే ఎక్కడ కూర్చుంటారు? బల్ల దగ్గరే అన్నాను. వదిన చెప్పులు విడిచి, కాగితం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. తర్వాత తేల్చేసింది. బల్ల గోడకు జరుపు, ఇక్కడ త్రీ సీటర్ వేద్దాం, నా ఎరికలో మంచి షాపుంది, సాయంత్రమే వెళ్దాం, నేను కొనిపెడతా.

ప్రేమగానే అంది. అదే కష్టం. ఈయన నీళ్ల గ్లాసుతో తిరిగొచ్చి నా వైపు చూస్తున్నారు. ఊఁ అంటే అయిపోతుంది. సాయంత్రానికి హాలు మళ్లీ నిండిపోతుంది, నేను మళ్లీ టైలు ముందుకు పోతాను.

వద్దు వదినా అన్నాను. బస్సును ఆపుతున్నంత గట్టిగా వచ్చింది గొంతు. బల్ల ఇక్కడే ఉంటుంది. నేను కిటికీ వైపు కూర్చుంటాను. నాకిలాగే ఇష్టం.

 వదిన గ్లాసు అందుకుని నీళ్లన్నీ తాగింది. ఈ ముక్క పంతొమ్మిదేళ్ల కిందట అనొచ్చుగా అంది. అందరికీ అన్నీ నేనే ఎంచి చావాలి, మీరు బుర్రలూపి ఊరుకుంటారు, ఆ పదకొండు షాపులకు నా మోకాళ్లు పోయాయి అంది. కోపమో, వేళాకోళమో పోల్చుకోలేకపోయాను. వదిన భోజనం ముగించింది. చెయ్యి కడుక్కుని నేరుగా హాల్లోని బాల్కనీ తలుపు దగ్గరికి వెళ్లి, దాన్ని లోపలికి లాగింది. తలుపు తిరుగుతూ వచ్చి కాగితపు బల్ల అంచు మీదికి ఎక్కింది.

గది కొలిచాను, కిటికీ కొలిచాను, కుర్చీ వెనక్కి జరిపితే ఎంత చోటు కావాలో కొలిచాను. తలుపు తిరిగే చోటు కొలవలేదు! ఎండ వస్తుందని ఆ తలుపు పగలు మూసే ఉంచుతాను, దాని సంగతే తోచలేదు.

నాలుగంగుళాలు కొయ్యి అంది వదిన. బల్లనా, తలుపునా అని లాయరు అడిగింది. నోర్ముయ్యవే అంది. కత్తెర తెచ్చి నేనే కోశాను. వదిన ఆ చివర పట్టుకుంది.

జూలై 6

వచ్చింది వచ్చింది వచ్చింది. మెట్ల మలుపులో నిలువుగా ఎత్తాల్సి వచ్చింది. మేస్త్రీ, అతని తమ్ముడు, ఈయన, పైఫ్లోరు ఆయన అందరూ మోశారు. తలుపుకూ బల్లకూ మధ్య వేలు దూరే చోటుంది. చెక్క వాసన ఇల్లంతా. కుర్చీల మీద నెమలికంఠం ఎండ పడితే ఒక రంగు, నీడలో ఒక రంగు. అరచేత్తో బల్లంతా నిమిరాను, ఎవరూ చూడకుండా చెంప ఆనించాను కూడా. చూస్తే చూడనీ.

జూలై 7, ఆదివారం

కిటికీ దగ్గర ఉన్నాను. కుక్కర్ మూడో విజిల్ వేసింది.

నాలుగోది కూడా.

స్టవ్ ఆపడానికి ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు.