అమ్మ కాలికి రాసిన మందు

ప్రియమైన అన్నయ్యా,

పదేళ్ల మందుల చీట్లు ముందేసుకుని కూర్చున్నాను. ఒంటిమీద గడ్డలకీ చర్మం వాపులకీ మా ఆసుపత్రి డాక్టర్లు ఏం రాశారో లెక్క తీయడం ఇప్పుడు నా పని. కోసి చీము తీస్తే సరిపోయే గడ్డకి కూడా పదిమందిలో ఎనిమిదిమందికి యాంటీబయాటిక్ రాసేశారు. ఏటికేడు పెరగడమే తప్ప తగ్గడం లేదు. కళ్లు లాగేస్తున్నాయి. నీ క్లినిక్‌లోనూ ఇదే భాగోతమా? అమ్మ కాలి వాపు తగ్గిందా?

నీ చెల్లెలు

•

ప్రియమైన లెక్కల చెల్లికి,

ఇదే భాగోతం. మధ్యాహ్నానికి డెబ్భై మందిని చూడాలి. గడ్డ కోసి కట్టు కట్టడానికి పావుగంట, చీటీ రాయడానికి అర నిమిషం. మాత్ర రాయకపోతే నా చదువు మీదే అనుమానం వాళ్లకి. తప్పని తెలుసు. ఓపిక లేక రాస్తున్నాను.

అమ్మ కాలు బాగాలేదు. వేళ్ల నుంచి పిక్క దాకా ఎర్రగా పొంగింది, వేళ్ల సందుల్లో చీము, జ్వరం కూడా. తనకి అలవాటైన మాత్రలేవో ఉన్నాయంటే మూడు రోజులుగా అవే వేస్తున్నాను. వాపు దిగడం లేదు.

అన్నయ్య

•

అన్నయ్యా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అలవాటైన మాత్రలేమిటి? చీటికీ మాటికీ వేస్తే ఆ మందు పనిచేయదని నీకు వేరే చెప్పాలా? ఇంట్లో డాక్టరు ఉండి కూడా అమ్మ కాలు పోతే నిన్ను క్షమించను. వెంటనే చీము పరీక్షకి పంపు. ఆ మందు ఎన్నిసార్లు ఇచ్చావో లెక్క రాయి.

చెల్లెలు

•

ప్రియమైన చెల్లీ,

ముందు మంచి కబురు. ఆ మాత్రలు ఇక పనికిరావని పరీక్షలో తేలింది. వేరే ఇంజెక్షన్ ఇస్తే నిన్న జ్వరం దిగింది. కాలు దక్కింది. రెండు వేళ్లు మాత్రం తీసేశారు.

నువ్వడిగిన లెక్క, నాలుగేళ్లలో పదకొండుసార్లు. అందులో నేను రాసింది ఒక్కటీ లేదు. చెవులు వినపడక అమ్మ ఫోను మానేశాక నువ్వు తనకి రాసిన ఉత్తరాలు తీసి చూపించింది. కాలు వాచిందని తను రాసినప్పుడల్లా, ఆ మాత్రలే ఇంకో అయిదు రోజులు వేసుకోమ్మా అని రాశావు. ఆ ఉత్తరం చూసి మందుల షాపాయన ఇచ్చేవాడు. పని హడావుడిలో రాసుంటావు, నీకు గుర్తుండదు. ఒకే ఇంట్లో ఉండి, ఏం మింగుతున్నావమ్మా అని అడిగే తీరిక నాకూ లేకపోయింది. నీకు చెప్పకూడదనే అనుకున్నాను.

అన్నిసార్లూ నిజంగా వాచిందా అని అడిగాను. లేదంది. మరి ఎందుకలా రాశావంటే నాకేసి చూడకుండా చెప్పింది.

"కాలు బాగుందని రాస్తే దాని దగ్గర్నుంచి జవాబు రాదురా. పాపం, పని తెమలదు. అంత పనిలోనూ కూర్చుని రాసిందిగా, వేసుకోకపోతే ఎలా?"

సెలవు దొరికితే రా. దొరక్కపోతే అమ్మకి ఉత్తరం రాయి. కాలి సంగతి అడక్కు. వేరే ఏదైనా రాయి.

అన్నయ్య