ఏ నీళ్ళు?

సలీమా,
ఆగస్టు 14

అక్క తమండానికి తమ్ముడు లింబికాని నమస్కారాలు.

మీరు బాగా నిద్ర లేస్తే మేమూ బాగా లేచినట్టే అని మొదట రాయడం మర్యాద. రాశాను. ఇక్కడ మాత్రం కంటి మీద కునుకున్న వాళ్ళెవరూ లేరు.

ఆదివారం చర్చి అయ్యాక మేనమామ ముందు, పిన్నుల ముందు నన్ను కసాయివాడన్నావు. నాన్న మూత్రపు గొట్టం పట్టి లాగి రక్తం కళ్ళజూశానన్నావు. నువ్వు నర్సువి, నేను చేపలు ఎండబెట్టుకునేవాణ్ణి. ఎవరి మాట చెల్లుతుంది? నాన్నను ఇక నా దగ్గర ఉంచకూడదని, శనివారం నువ్వొచ్చి బ్లాంటైర్‌లో నీ ఇంటికి తీసుకుపోవాలని మామ తీర్పు చెప్పాడు. తీసుకుపో. ఇక్కడి సరస్సు కనబడకపోతే ఆయన అన్నం ముట్టడని నీకూ తెలుసు.

కానీ పాత గొట్టం ఎలా తీయాలో ఫోనులో నువ్వన్నది గుర్తు చేసుకో. ముందు నీళ్ళు తీసెయ్యండి, ఆ తర్వాత గొట్టం దానంతటదే వస్తుంది అన్నావు. మనింట్లో నాన్న మూత్రాన్ని ఎవరైనా పేరు పెట్టి అన్నారా? నీళ్ళనే అంటాం. గొట్టానికి తగిలించిన సంచీలోవి పారబోశాం. నువ్వు చెప్పిన నీళ్ళు కడుపులో, గొట్టం కొసనున్న బెలూన్‌లో ఉన్నాయని మాకేం తెలుసు? నాన్న వింటున్నాడని, కూతురివి కాబట్టి, విడమరిచి చెప్పలేకపోయావు. నీ సిగ్గుకు దెబ్బ తిన్నది ఆయన.

లాగితే గొట్టం రాలేదు, రక్తం వచ్చింది; నాన్నను చేపల వ్యానులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇక ఎవరూ లాగొద్దు, కోయొద్దు అన్నాడు డాక్టరు. గొట్టం పక్కనున్న చిన్న మూతికి సిరంజి పెట్టాడు. బెలూన్‌లో నీళ్ళు రాలేదు. సిరంజి మార్చాడు, అయినా రాలేదు. నెలల తరబడి ఉంచేశారు, దారి పూడుకుపోయిందన్నాడు. చివరికి తనే ఆ మూతి కత్తిరించి, సన్నటి తీగ పోనిచ్చి ఓపిగ్గా కదిపితే బొట్టు బొట్టుగా దిగాయి. అప్పుడు గొట్టం నిజంగానే దానంతటదే వచ్చింది. బెలూన్ ముక్కేదీ లోపల మిగల్లేదని చూసుకుని కొత్తది వేశాడు.

ఇట్లు,
నీ కసాయి తమ్ముడు
లింబికాని

తా.క.: సంచీ పారబోసింది నేనే. గొట్టం మీద నా చెయ్యి పడలేదు. కొడుకు తన బట్ట ఎత్తకూడదని నాన్న నన్ను బయటికి పంపి, తనే లాక్కున్నాడు. నేను వచ్చేసరికి చాప ఎర్రగా తడిసిపోయింది. "నువ్వే లాగావని చెప్పరా. కూతురి చేత తిట్లు తినలేను" అన్నాడు. సరేనన్నాను. శనివారం ఆయన ముందు ఈ సంగతి ఎత్తకు. నన్ను ఇంకోసారి కసాయివాడని అను, కాస్త గట్టిగా, ఆయనకు వినబడేట్టు.