తలుపుకి ఆనించిన కర్ర

కుష్‌నెమా, పీనెగా నది ఒడ్డు
జులై 6

గౌరవనీయురాలైన రిమ్మా స్తెపానొవ్నా గారికి,

అవ్‌గూస్తా యెగొరొవ్నా నడుం వంచి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మిగిలిన తొమ్మిది మందిమీ క్షేమం. నువ్వూ, నీ కూతురూ, మనవలూ క్షేమమని తలుస్తాను. పక్కింటి ప్రోహొర్ నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. కొట్టు నడిపే తాయిసియా చెప్పమంది. నీ పిల్లి సంతానంలో మిగిలిన ఎర్రపిల్లి ఏమీ చెప్పలేదు కానీ, దాని తరఫున నేనే చెబుతున్నాను.

గారూ గీరూ ఇక్కడితో సరి. ఏమే రిమ్మా, ఉత్తరం ముక్క లేకుండా పద్నాలుగేళ్లు గడిచిపోయాయే! నా చేతిరాత చూడగానే పొయ్యిలో పడేస్తావేమోనని కవరు మీద అడ్రసు తాయిసియా చేత రాయించాను. ఎలాగూ విప్పావు కదా, చివరిదాకా చదువు.

సంగతేమిటంటే, నేనిప్పుడు గైడునయ్యాను. నవ్వకు. నలభై ఏళ్లు ఆవుల పాలు పితికినదాన్ని, ఈ వయసులో మెడలో పూసలు వేసుకుని పట్నం వాళ్లకి ఊరు చూపిస్తున్నాను. కిందటేడు నుంచీ వేసవిలో మోటారు పడవల మీద జనం వస్తున్నారు. చెక్క గుడి చూస్తారు, గాలిమర చూస్తారు, గుట్ట మీద మొక్కుల శిలువ చూస్తారు. శిలువకి మనం మొక్కుకుని కట్టిన తువ్వాళ్లు చూసి ఒకావిడ, ఇవి ఇక్కడెందుకు ఆరేశారండీ అని అడిగింది. నేను నోరెత్తలేదు. ఎంత మంచిదాన్నయిపోయానో చూడు.

కానీ అందరూ ఎక్కువసేపు నిలబడేది నీ ఇంటి ముందే. కప్పు కింద మీ తాత రంగులేసిన ఆ రెండు సింహాలు ఉన్నాయి కదా, వాటిని ఎన్ని ఫొటోలు తీస్తారో! ప్రోహొర్ పని కట్టుకుని వచ్చి, ఈ సింహాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి గీశారండీ అని చెబుతాడు. ఈ ఊళ్లో సింహమెక్కడిదండీ అని వాళ్లు నోరు తెరిస్తే, ఇంకెక్కడిది, పెద్దాయన భార్యే, పొద్దున్నే లేచి ఆయన్ని తిట్టేటప్పుడు చూసి గీసేశాడు అంటాడు. మీ నాయనమ్మ బతికుంటే వీడి వీపు చీరేసేది.

పోయిన గురువారం జిల్లా నుంచి వాదిమ్ అని ఒక బట్టతలాయన వచ్చాడు. మంచివాడే. చూడదగ్గ ఊళ్లకి పెద్ద పడవ వేస్తున్నారట, వారానికి రెండుసార్లు. మన ఊరినీ అందులో చేర్చాలని ఉంది కానీ, లోపలికి తీసుకెళ్లి చూపించే పాతకాలపు ఇల్లు ఒకటుండాలట, అందులో ఇంటివాళ్లుండాలట. ఆగస్టు రెండున, ఇల్యా పండుగనాడు పైవాళ్లు వచ్చి చూసి తేలుస్తారట. పడవ వస్తే తాయిసియా కొట్టు నిలుస్తుంది. రాకపోతే చలికాలానికి మూసేస్తారు. రొట్టె అమ్మే కొట్టు కూడా లేని ఊళ్లో ఎవరుంటారే? మమ్మల్నందర్నీ తలా ఒక దిక్కున పిల్లల ఇళ్లకి పంపించేస్తారు.

సరే, ఆయన నీ ఇంటి మెట్లెక్కి, ఒక్కసారి లోపల చూద్దాం అత్తా అంటూ తలుపుకి ఆనించిన కర్ర మీద చెయ్యి వేయబోయాడు. మోకాళ్లని పదేళ్లుగా మూలిగే ప్రోహొర్ ఎలా ఎక్కాడో నాలుగు మెట్లూ ఎక్కి, చెయ్యి తియ్యి బాబూ, ఇంట్లో మనిషి లేదు అని అడ్డం నిలబడ్డాడు. పద్నాలుగేళ్లుగా లేదు కదా పెద్దాయనా అంటే, అవును, పద్నాలుగేళ్లుగా ఇంట్లో లేదు, కర్ర చెబుతూనే ఉందిగా, నీకు వినపడదా అన్నాడు.

అప్పుడు ఆయనతో వచ్చిన జనానికి నేనే చెప్పాను. మా ఊళ్లో తాళాలు లేవు, బయటికి పోయేటప్పుడు తలుపుకి కర్ర ఆనిస్తాం, కర్ర ఉందంటే మనిషి లేనట్టు, కర్ర తీసేది ఇంటివాళ్లే, ఇంకెవరూ తియ్యరు అన్నాను. వాళ్లకి భలే నచ్చింది. ఒకామె పుస్తకంలో రాసుకుంది కూడా.

గడ్డి టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ మాత్రం ఊరుకోలేదు. బడిలో లెక్కలు చెప్పేదట. మరి బయట కర్ర ఆనించి, ఇందాక చూపించారే, ఇంటి వెనక ఆనుకునే ఉన్న పశువుల కొట్టం, అటునుంచి ఇంట్లోకి దూరి కూర్చుంటే ఎవరికి తెలుస్తుందండీ అని అడిగింది. అందరూ పకపకా నవ్వారు. ప్రోహొర్ ఆ చెడ్డమాట తగలకుండా ఎడమ భుజం మీదుగా మూడుసార్లు తుపుక్కున ఉమ్మి, మా ఊళ్లో అంతటి మనిషి ఇంకా పుట్టలేదమ్మా అన్నాడు. ఆ తర్వాత గుడి దగ్గర, అది కట్టిన ఏడాది చెప్పమంటే నేను వందేళ్లు తేడాగా చెప్పాను.

అందుకే రాస్తున్నానే. ఇల్యా పండుగలోపల వచ్చి నీ కర్ర నువ్వే తియ్యి. ఇల్లు బాగానే ఉంది. కప్పుకి నేను రెండుసార్లు తారు పూయించాను. మెట్లు ప్రోహొర్ బాగుచేశాడు. లోపలికి ఎవరం అడుగు పెట్టలేదు. కర్రని గాలి పడేసినప్పుడల్లా వెళ్లి మళ్లీ ఆనిస్తున్నాను. పుచ్చిపోతే రెండుసార్లు కొత్తది కొట్టి తెచ్చాను. అది లేకపోతే పాడుబడ్డ ఇల్లంటారు. ఉంటే, ఎవరో వస్తారని కదా.

నా గుమ్మానికి మాత్రం కర్ర పెట్టడం మానేసి చాలా కాలమైంది. నదికి పోయినా, అడవికి పోయినా పెట్టను. గూస్తాకి మతిమరుపొచ్చింది అని ప్రోహొర్ ఊరంతా చెబుతాడు. చెప్పుకోనీ.

నువ్వు ఊరు వదిలిన రోజు సంగతి ఆ ఏడాది కొత్త సంవత్సరం కార్డులో రాశావు. వీడ్కోలు చెబుదామని వస్తే నా తలుపుకి కర్ర ఉందనీ, మెట్ల మీద చేపరొట్టె పెట్టి వెళ్లాననీ రాశావు. మబ్బు పట్టిందని ఎగువన కోసిన గడ్డి పోగెయ్యడానికి పోయాననీ, సాయంత్రం వచ్చి చల్లారిన రొట్టె తిన్నాననీ నేను జవాబిచ్చాను. ఆ తర్వాత నువ్వు మళ్లీ రాయలేదు. చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగిన మనిషి కంటే గడ్డి ఎక్కువైందా అనుకుని ఉంటావు. నీ తప్పేమీ లేదు.

నువ్వు వచ్చేసరికి ఆవిరి స్నానాలగది వేడిచేసి ఉంచుతాను. నీ తాత సింహాలు నీకోసం కాచుకుని ఉన్నాయి. నేనూ అంతే.

నీ
గూస్తా

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. ఆ లెక్కల ఆవిడ అడిగిన దానికి జవాబు నీకు చెప్పకుండా ఈ ఉత్తరం పంపలేను.

ఆ రోజు నేను గడ్డికి పోలేదే. బయట కర్ర ఆనించి, పశువుల కొట్టంలోంచి వచ్చి తలుపు వెనకాల నేల మీద కూర్చున్నాను. పోయేదాకా ఇద్దరం ఇక్కడే ఉందామని చెప్పుకుని, నువ్వు కూతురి దగ్గరికి బయల్దేరావన్న కోపం. నీ మొహం చూస్తే కోపం నిలవదని భయం. నువ్వు మెట్ల మీద కూర్చుని పిల్లితో మాట్లాడావు. పెట్టెలు పడవ ఎక్కించాను కానీ దింపడం ఎంతసేపులే, గూస్తా నన్ను ఉండవే అని ఒక్క మాట అంటుందేమోనని వచ్చాను అన్నావు. మన మధ్య ఒక్క చెక్క తలుపు. అన్నీ విన్నాను. పడవ కూత పెట్టి నువ్వు లేచి వెళ్లేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆ రొట్టె చల్లారాక తినలేదు రిమ్మా. నువ్వు దడి దాటగానే తీసుకున్నాను, చేతులు కాలాయి.

ఆ ఒక్క మాటా ఇప్పుడంటున్నాను. ఉండవే.