ఎనభై నాలుగు పేజీలు, ఒక మోకాలు

నవంబర్ 3, సోమవారం

ఈ ఏడాది చదువుతాను! మొత్తం! ముందు అట్ట నుంచి వెనక అట్ట దాకా!

ఆఫీసువాళ్లు హెల్త్ ఇన్సూరెన్స్ పుస్తకం ఇచ్చారు. ఎనభై నాలుగు పేజీలు. ఇన్నేళ్లూ పుస్తకం విప్పకుండానే 'పోయినేడాదిదే మళ్లీ' అన్న బటన్ నొక్కి కాఫీకి పోయేవాణ్ణి. ఈసారి ఆ పప్పులు ఉడకవు. పాత ప్లాన్ ఎత్తేశారు. ఎ, బి అని రెండు కొత్తవి పెట్టారు. పద్నాలుగో తారీకు సాయంత్రం ఐదులోగా ఒకటి ఎంచుకోవాలి. లేకపోతే వాళ్లే బి ప్లాన్‌లో పడేస్తారట.

కొన్నవి: పసుపు, గులాబీ, ఆకుపచ్చ రంగు పెన్నులు. కొత్త ఫైలు. ఈ డైరీ.

ఇంటికి తెస్తే మార్లిస్ పుస్తకాన్ని చేత్తో తూచి చూసింది. "టోస్టరుతో వచ్చిన ఒక్క కాగితం చదవలేకే కదయ్యా వంటింట్లో పొగ పెట్టావు."

పట్టించుకోలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడు.

నవంబర్ 4, మంగళవారం

ఆరు పేజీలు అయిపోయాయి! ఇంత తేలికైనదాన్ని చూసి దేశమంతా ఎందుకు భయపడుతోందో!

ప్రీమియం అంటే జబ్బు చేసినా చేయకపోయినా నెలనెలా జీతంలోంచి కోసుకునేది. డిడక్టబుల్ అంటే జబ్బు చేశాక ముందుగా మనం పెట్టుకోవాల్సింది. మన జేబు అంతమేర ఖాళీ అయ్యాకే వాళ్లు తమ సంచి మూతి విప్పుతారు. ఎ ప్లాన్‌లో నెలనెలా కోత ఎక్కువ, డిడక్టబుల్ తక్కువ. బిలో కోత తక్కువ, డిడక్టబుల్ కొండంత. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఒక్క ముక్కలో రాయాల్సినదానికి ఎనభై నాలుగు పేజీలు!

అంటే ప్రశ్న ఒక్కటే. వచ్చే ఏడాది మా ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేస్తుంది?

నవంబర్ 5, బుధవారం

పేజీ: ఆరే. తప్పు నాది కాదు. మొదటి మంచు పడిందంటే డులూత్ ఊరంతా మా ఫ్యాక్టరీ మీద పడి మంచు ఊడ్చే మిషన్ల విడిభాగాలు అడుగుతుంది.

ఫరవాలేదు, కంప్యూటర్లో దగ్గరి దారి ఉంది. ఐదు ప్రశ్నలకి జవాబు కొడితే ఏ ప్లాన్ మంచిదో అదే చెబుతుంది. నాలుగో ప్రశ్న: ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అవసరం పడవచ్చా? మార్లిస్ సెప్టెంబర్ నుంచి కుడికాలు కుంటుతోంది. ఫోన్ చేశాను.

"మోకాలు ఎలా ఉంది?"

"పెద్దగా ఏం లేదులే."

'అవసరం లేదు' అని కొట్టాను. కంప్యూటర్ బి ప్లాన్ తీసుకోమంది.

భోజనం దగ్గర అనుమానం మొదలైంది. మా ఊళ్లో 'పెద్దగా ఏం లేదు' అన్న మాటకి కొలత లేదు. కిందటేడు పక్కింటి టోర్వాల్డ్ కాలి మీద చెట్టు పడింది. పరిగెత్తుకెళ్తే, "పెద్దగా ఏం లేదు, నీకు వీలున్నప్పుడు రంపం తెస్తే బావుంటుంది" అన్నాడు.

నవంబర్ 9, ఆదివారం

జింకల వేట మొదలైంది. నిన్నా ఇవాళా అడవిలోనే. పుస్తకాన్ని మాత్రం వదల్లేదు సుమా! మంచె మీదికి కూడా తీసుకెళ్లాను. పసుపు పెన్ను గడ్డకట్టింది. జింక రాలేదు. నేను పేజీ తిప్పిన చప్పుడికే రాలేదని మా అన్నయ్య వెర్లిన్ గోల.

పొయ్యి రాజేయడానికి వెర్లిన్ నలభై నుంచి యాభై రెండు దాకా పేజీలు చించాడు. అవన్నీ కళ్లద్దాల గురించేనట. నాకు కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి నష్టం లేదు.

పేజీ: ఆరు.

నవంబర్ 11, మంగళవారం

మార్లిస్ తన షాపులో టెంట్లు, పడవల మీద కప్పే పట్టాలు కుడుతుంది. సొంత షాపు కాబట్టి ఆవిడకి వేరే ఇన్సూరెన్స్ లేదు, నాదే. పెళ్లి కాగితం లేకపోయినా ఒకే ఇంట్లో ఉంటే చాలు, మా కంపెనీ ఒప్పుకుంటుంది. పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం.

ఇవాళ సూప్ పట్టుకెళ్లాను. కుట్టు మిషన్ పెడల్ ఎడమకాలి కింద ఉంది. జన్మంతా కుడికాలితో తొక్కిన మనిషి!

"పెడల్ ఎందుకు మార్చావు?"

"మార్పు మంచిదేగా."

"మార్లిస్. డాక్టర్ ఏమన్నాడు?"

సూది కేసే చూస్తూ చెప్పింది. "కీలు మార్చాలన్నాడు. ఏప్రిల్ లోపల."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పి? నాకోసం నీ జీతంలో ఇంకా కోయించనా? నేనేమన్నా నీ పెళ్లాన్నా?"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం ముల్లు దిగినట్టయింది. సూప్ బావుందా అని అడిగాను.

ఇక చదవడానికేముంది? ఎ ప్లానే! బిలో పడితే ఆ డిడక్టబుల్‌కి భయపడి ఆవిడ ఇంకో ఏడాది ఆ కాలిని ఈడుస్తుంది. నాకు తెలుసు.

నవంబర్ 13, గురువారం

ఎ నొక్కుదామని కూర్చున్నాను. పాస్‌వర్డ్ అడిగింది. ఏడాదికోసారి వాడేది ఎవరికి గుర్తుంటుంది?

ఎప్పుడో నేనే రాసుకున్న సూచన కనిపించింది: 'పైకి ఎప్పుడూ చెప్పనిది.' ఓస్, ఇంతేనా! నేను పైకి చెప్పనిది సరస్సులో చేపలు బాగా పడే చోటు. కొట్టాను. తప్పు. నా బరువు కొట్టాను. తప్పు. మూడోసారి తప్పితే తాళం పడుతుందట. ఆపేశాను.

రేపు పగలంతా ఉంది. ఒక్క బటన్‌కి ఎంతసేపు!

నవంబర్ 14, శుక్రవారం

సెలవు పెట్టాను. వెర్లిన్‌కి రెండు మోకాళ్లూ మార్చారు. అతన్ని ఓ మాట అడిగి, ఆఫీసుకి ఫోన్ చేసి కొత్త పాస్‌వర్డ్ తీసుకుని నొక్కడమే.

1.00: "ఎ తీసుకోరా వెధవా!" తలుపు తీస్తూనే చెప్పేశాడు. పని అయిపోయింది.

2.00: కాఫీ అయింది. తొడలు చరుచుకుని "సరే మరి" అన్నాను, అంటే ఇక బయల్దేరతానని.

2.30: లేచి నిలబడ్డాం. మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చిన హాట్‌డిష్ డబ్బాలో పెట్టిస్తానంది జనీన్ వదిన. వద్దన్నాను. మూడుసార్లు వద్దనాలి, అది పద్ధతి.

3.10: గుమ్మం. "సరే మరి" అన్నాడు వెర్లిన్. మంచు గురించి మాట్లాడుకున్నాం.

3.45: గ్యారేజీ. సరస్సు మీది ఐసుకి చిల్లు పెట్టే కొత్త మిషన్ చూపించాడు. చూడకపోతే ఏమనుకుంటాడు?

4.20: కారు. అద్దం దించమన్నాడు. మళ్లీ జింకల కబుర్లు.

4.50: కదిలాను. హాట్‌డిష్ మరిచిపోయానని వదిన వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

5.15: ఇల్లు. ఫోన్‌లో సందేశం. 'మీ గడువు ముగిసింది. మీకు బి ప్లాన్ కేటాయించాం. ఆరోగ్యంగా ఉండండి!'

మర్యాదకి పోయి మోకాలు పోగొట్టాను.

నవంబర్ 17, సోమవారం

ఆఫీసులో ఇన్సూరెన్స్ చూసే అమ్మాయి కెండ్రా. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"ఇప్పుడు మార్చడం కుదరదు ఆర్లెన్ గారూ. జీవితంలో పెద్ద ఘటన ఏదైనా జరిగితే తప్ప."

"అంటే ఏంటమ్మా?"

"పెళ్లి, పుట్టుక, దత్తత, విడాకులు, చావు. మీ ఇంట్లో వీటిలో ఏమన్నా ఉందాండీ?"

"పెద్దగా ఏం లేదమ్మా" అన్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. హాట్‌డిష్ తినబుద్ధి కాలేదు.

నవంబర్ 18, మంగళవారం

షాపుకెళ్లి జరిగిందంతా చెప్పాను. తిట్టలేదు. "అలాగా" అంది. తిట్టినా బావుండేది.

కెండ్రా చెప్పిన జాబితా అప్పజెప్పాను.

"చావు వద్దులే. విడాకులు ఇచ్చెయ్" అంది.

"దానికి ముందు పెళ్లి అవ్వాలి కదా."

మిషన్ ఆగింది. నేను టోపీ తీసి చేతిలో నలిపాను. "అంటే... నువ్వేమీ అనుకోకపోతే..."

"ఇన్సూరెన్స్ కోసమా, ఆర్లెన్?"

"కాదు." టోపీ మళ్లీ పెట్టుకుని అనేశాను. "పదకొండేళ్లుగా అడుగుదామనే అనుకుంటున్నాను. నువ్వంటే నాకు ప్రాణం. మోకాలు వంక మాత్రమే."

దారం కొరుకుతూ కూర్చుంది. కొరకడానికి అక్కడ దారమేమీ లేదు.

"నాకు పెద్దగా అభ్యంతరం లేదు" అంది.

మా ఊళ్లో ఇంతకంటే పెద్ద మాట ఎవరూ అనగా వినలేదు.

డిసెంబర్ 5, శుక్రవారం

కోర్టులో పెళ్లయింది! సాక్షులు వెర్లిన్, జనీన్ వదిన. పెళ్లికి పది నిమిషాలు, గుమ్మం దాటడానికి గంట.

పెళ్లి కాగితం చూసి కెండ్రా ముప్పై రోజుల గడువు ఇచ్చింది. ముప్పై! ఇక తొందరేముంది? ఈసారి పద్ధతిగా చేస్తాను. కొత్త పుస్తకం తెచ్చాను, కళ్లద్దాల పేజీలతో సహా. ముందు అట్ట నుంచి వెనక అట్ట దాకా! రేపు పొద్దుటి నుంచే!

(దీని కింద గులాబీ రంగు పెన్నుతో:)

ముప్పై రోజులు నీకు. మోకాలు నాది. అందుకే నేనే కూర్చున్నాను. పాస్‌వర్డ్ అడిగింది. సూచన చూశాను, 'పైకి ఎప్పుడూ చెప్పనిది' అని. ఎందుకో నా పేరు కొట్టాను. తెరుచుకుంది.

ఎ నొక్కేశాను. కాస్త ఏడ్చాను కూడా, పెద్దగా ఏం లేదు. పుస్తకం పొయ్యి పక్కన పెట్టాను.

నీ మార్లిస్