వెదురు గొట్టంలో మొగిపురుగు గుడ్లు

కారవాంగ్, శుక్రవారం

పిల్లల నాన్నకు, రాత్రంతా జల్లు. తెరిపివ్వగానే నారుమడిలో, వరి కాడను తొలిచే మొగిపురుగు గుడ్లు అంటిన ఆకుకొనలు తుంచాం. అందరం బాగున్నాం.

మందు కొట్టించమన్న మీ కార్డు అందింది. కొట్టించలేదు. పోయిన పంటలాగే గింజ పట్టని తెల్లకంకులొస్తే తిండిగింజలుండవని తెలుసు. ఊళ్ళో ఆ ఆకులు తగలబెడుతున్నారు. నేను వెదురు గొట్టంలో వేసి, నీళ్ళ పళ్ళెంలో గట్టు మీద నిలబెట్టాను. పురుగు పిల్లలు పాకివచ్చి నీళ్ళలో పడతాయి. ఆ గుడ్లనే తిని పెరిగిన కందిరీగలు మడిలోకి ఎగిరిపోతాయి.

"దొంగల్ని తెచ్చి మేపుతున్నావటే," అన్నారు మామగారు.

"వాళ్ళను పట్టేవాళ్ళూ అందులోనే ఉన్నారు మామా."

నిన్న ఆయనే కళ్ళజోడు పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. పళ్ళెంలో పురుగులు కొన్నే. గొట్టం మూతి చుట్టూ మాత్రం నువ్వుగింజంత కూడా లేని కందిరీగలు ముసిరాయి.

"మందు పడితే ఇవీ చస్తాయి కదే," అని లేచారు.

అత్తయ్య మోకాళ్ళకు నూనె పంపండి. మీ దగ్గు తగ్గిందా? ఇంటి కప్పు తాటాకు ఇప్పుడే మార్చమంటారా, కోతలయ్యాకనా? పెద్దవాళ్ళిద్దరి దీవెనలు.

మందు కొట్టే దార్మన్ ఈ పొద్దున వచ్చాడు. మామగారు కాఫీ ఇప్పించారు. వీపు మీది డబ్బా దించకుండానే తాగి, మన మడిలో దిగకుండానే, ఎండెక్కక ముందే వెళ్ళిపోయాడు.

తర్సిహ్