చేతుల్లో ఉండిపోయిన ఫైళ్లు

గని టౌన్‌షిప్
3 ఫిబ్రవరి 2019

ప్రియమైన సారక్కా,

మన ఊళ్లో ఫోను పలకదు కాబట్టి బస్సు డ్రైవరు బుధ్రాం చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

నా పని ఏమిటని అడిగావు. గని రోడ్డు కింద పొలం పోయినవాళ్లకు బదులు భూమి ఇవ్వడానికి జాబితా తయారవుతోంది. కుటుంబానికొక ఫైలు. వాటిని చదివి పేర్లు తీసే ప్రోగ్రాము రాశాను. అందులో నలుగురు పనివాళ్లు ఉంటారనుకో. వాళ్లను థ్రెడ్‌లంటారు. ఒక్కో ఊరి ఫైళ్లన్నీ ఒక్కో వరుసలో ఉంటాయి. ఎవరి చెయ్యి ఖాళీ అయితే వాళ్లు తర్వాతి ఫైలు తీసుకుంటారు. చదివిన పేరును నలుగురూ ఒకే గొట్టంలో వేస్తారు. దాన్ని ఛానల్ అంటారు. దాని చివర జాబితా.

ఇరవై మూడు ఊళ్ల పని రెండు గంటల్లో అయిపోయింది. మా ఆఫీసరు సుక్రాం సార్ మెచ్చుకున్నారు. నేను తల ఊపాను.

శుక్రవారం పంచాయతీల్లో అంటిస్తారు. అభ్యంతరాలకు పదిహేను రోజులు. ఆ తర్వాత ఎవరి పేరూ చేర్చరు.

నీ ఉప్పల

—

14 ఫిబ్రవరి

చెల్లె ఉప్పలా,

జాబితా మూడుసార్లు చదివిన. నా పేరు లేదు. అప్పయ్యది లేదు, ఉంగది లేదు, ముయె ముసలమ్మది లేదు.

"మీ చెల్లె ఆఫీసుల ఉన్నది కదా, ఏంది సారక్కా ఇది? కంప్యూటరుకు నీ మొఖం నచ్చలేదా?" అని బోరింగు కాడ వెంకమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలే.

సొంతోళ్లకు చేసుకున్నదంటరని నన్ను నువ్వే తీసేసినవా? అట్లయితే చెప్పు, ఊకుంటా. మరి ముయె ఏం చేసింది? ఆమెకు ఆ ఒక్క మడే ఉండె.

ఇంకా తొమ్మిది రోజులే.

మీ అక్క
సారలమ్మ

—

20 ఫిబ్రవరి

అక్కా,

నేను తీసెయ్యలేదు. తప్పు చేశాను.

వరుసలో ఫైళ్లు అయిపోగానే గొట్టం మూసెయ్యమని రాశాను. అప్పటికి నలుగురి చేతుల్లో ఇంకా ఒక్కో ఫైలు ఉంది. వాళ్లు చదవడం ముగించేసరికి గొట్టం మూసుకుపోయింది. ప్రోగ్రాము ఏ తప్పూ చూపలేదు. అలా ఊరికి నాలుగు కుటుంబాలు, మొత్తం తొంభై రెండు. ఫైళ్లెన్ని, పేర్లెన్ని అని నేను సరిచూడలేదు. అందరి చేతులూ ఖాళీ అయ్యేదాకా ఆగమని చెప్పడానికి నాలుగు లైన్లు చాలు. ఇప్పుడు రాశాను.

సుక్రాం సార్‌కు చెప్పాను. "దీదీ కా నామ్ హాథ్ సే జోడ్ దో" అన్నారు. నీ పేరొక్కటి చేత్తో రాసేయమని. మిగతావాళ్లు కావాలంటే వాళ్లే వస్తారట. చదువు రానివాళ్లు ఎలా వస్తారన్నాను. ఆయన వేరే ఫైలు తెరిచారు. మళ్లీ అన్నాను. తర్వాత తప్పు నాదేనని కాగితం రాసి పై ఆఫీసులో ఇచ్చాను.

జాబితా మొత్తం వెనక్కి తీసుకున్నారు. కొత్తది వానల తర్వాతే. అందాకా ఎవరికీ భూమి కొలవరు. ఈ ఏడు నీకు పంట ఉండదు, నా వల్ల. నా కుర్చీలో ఇప్పుడు వేరే అమ్మాయి కూర్చుంటోంది.

ఉప్పల

—

3 మార్చి

చెల్లె,

ఆఫీసోళ్లొచ్చి జాబితా చింపుకపోయిన్రు. పేరున్నోళ్లందరు నిన్ను తిడుతున్నరు. "సదువుకున్న పిల్ల, నోటికాడి కూడు గుంజుకున్నది" అన్నది వెంకమ్మ. నేనూ తిట్టిన, ఒక పూట. నా ఒక్క పేరు ఎక్కిస్తే ఏం పోయేదని.

కుర్చీ పోతే పోనీ. బస్సెక్కి రా. తిట్లు తినుడు నాకొక్కదానికే ఎందుకు?

నిన్న ముయె వచ్చి అరుగు మీద కూసున్నది. ఆమెకు తెలుగు రాదు కదా, గోండిల చెప్పిన, తనసుంటోళ్ల పేర్ల కోసమే అంతా ఆగిందని. లేస్తూ లేస్తూ నీ పేరేందని అడిగింది.

చెప్పిన. మలుపు తిరిగేదాకా ఆ పేరే అనుకుంట పోయింది.

నీ అక్క
సారలమ్మ